హిమాలయాల అడుగున కరిగిన రాయి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో హిమాలయాల పుట్టుక మీద వచ్చిన వ్యాసంలో ఒక మాట ఉంది: గంగోత్రి పైనున్న శిఖరాల గ్రానైట్ అగ్నిపర్వతాలది కాదని, భారత ఖండపు బంకమట్టి రాళ్ళే లోతుకు దిగి కరిగితే అది పుట్టిందని. ఈ ఒక్క మాట మీదే చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే ప్రశ్న పలువురు అడిగినచోట కలిపి జవాబిస్తున్నాం. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లో ఉన్నాయి. ఒత్తిడి కిలోబార్లలో ఇచ్చాం. ఒక కిలోబార్ అంటే ఇంచుమించు 3.7 కి.మీ. రాతి బరువు.

ప్రశ్న: గ్రానైట్ అంటే శిలాద్రవం గట్టిపడిన రాయి అని చదువుకున్నాం. హిమాలయాల్లో అగ్నిపర్వతాలే లేవు. మరి ద్రవం ఎక్కడిది? (ఇంటర్ విద్యార్థిని, కర్నూలు)

ద్రవం, భూపటలం అనే పైపెంకు కిందున్న భూప్రావారం నుంచి పైకి రాలేదు. ఆ కొండల రాళ్ళలోంచే ఊరింది. సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట భారత ఖండం ఆసియాను ఢీకొన్నాక, దాని ఉత్తరపు అంచు పలకలు పలకలుగా తెగి ఒకదాని కిందికి ఒకటి దూరింది. మామూలుగా 35–40 కి.మీ. ఉండే భూపటలం టిబెట్ కింద 70 కి.మీ. మందానికి చేరింది. ఎప్పుడో సముద్రం అడుగున పేరుకుని బంకమట్టి రాయైన షేల్‌గా, ఇసుకరాయిగా మారిన పొరలు ఈ ఒత్తిడిలో 25–35 కి.మీ. లోతుకు దిగి వేడికి స్ఫటికాలు మారిన షిస్ట్, నీస్ అనే రాళ్ళయ్యాయి. ఆ నీస్‌లో కొంత భాగం కరిగింది. వంద కిలోల రాయిలో పది, పదిహేను కిలోలు కరిగినా గ్రానైట్ పుట్టడానికి చాలు. మిగిలినది ఘనంగానే ఉండిపోతుంది.

ముందు ఏది కరుగుతుందన్నదే అసలు కీలకం. గ్రానైట్‌లో ప్రధాన ఖనిజాలు క్వార్ట్జ్, రెండు రకాల ఫెల్డ్‌స్పార్. క్వార్ట్జ్ ఒక్కటే కరగాలంటే 1,700 డిగ్రీలు దాటాలి. సోడియం ఫెల్డ్‌స్పార్ 1,118 దగ్గర, పొటాషియం ఫెల్డ్‌స్పార్ 1,150 దగ్గర కరుగుతాయి. ఈ మూడూ ఒకదాన్నొకటి అంటుకుని ఉంటే, నీటి చుక్క లేకపోయినా, వెయ్యి డిగ్రీలకు కాస్త ఇవతలే కరగడం మొదలవుతుంది. ఐసు మీద ఉప్పు చల్లితే సున్నాకు దిగువనే కరుగుతుంది కదా, ఇక్కడా సూత్రం అదే. దానికి 5 కిలోబార్ల ఒత్తిడిలో నీరు తోడైతే 650 డిగ్రీల దగ్గరే ద్రవం పుడుతుంది. శిలాశాస్త్రజ్ఞులు టటిల్, బోవెన్ 1958లో ఈ ప్రయోగాల ఫలితాలు ప్రకటించారు. ప్రపంచంలోని వందలాది గ్రానైట్ల రసాయన విశ్లేషణలను ఈ మూడు ఖనిజాల పాళ్ళు చూపే తమ పటం మీద గుర్తిస్తే, అవన్నీ అతి తక్కువ వేడికి కరిగే ఆ మిశ్రమం చుట్టూనే గుమిగూడాయి. గ్రానైట్లన్నీ ఒకే పోలికలో ఎందుకుంటాయో అక్కడ తేలిపోయింది.

ప్రశ్న: అంత వేడి ఎలా పుట్టింది? పలకలు రాసుకోవడం వల్లేనా? (ఉపాధ్యాయుడు, ఖమ్మం)

పెద్ద భ్రంశాల (రాతి పలకలు జారే పగుళ్ళ) వెంట రాపిడి వేడి పుట్టే మాట నిజమే. కానీ రాయి మెత్తబడ్డకొద్దీ రాపిడి తగ్గిపోతుంది కాబట్టి దాని మీదే భారం వేయలేం. ప్రధాన మూలం రాయిలోనే ఉంది: యురేనియం, థోరియం, పొటాషియం. బంకమట్టి రాళ్ళలో ఇవి ఎక్కువ. హిమాలయాల్లో కరిగిన పొరల లాంటి రాయి ఒక ఘనమీటరుకు 2–3 మైక్రోవాట్ల వేడి పుట్టిస్తుంది. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది, లెక్క వేసి చూడండి. ఒక ఘనమీటరు రాయిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 27 లక్షల జౌళ్ళు కావాలి. 2 మైక్రోవాట్ల చొప్పున పుట్టిన వేడి ఎటూ పోకుండా ఉంటే పది లక్షల ఏళ్ళలో ఉష్ణోగ్రత 23 డిగ్రీలు పెరుగుతుంది. 2 కోట్ల ఏళ్ళలో 460 డిగ్రీలు. అసలు కొండల్లో వేడి పైకి కారిపోతుంటుంది కనుక పెరుగుదల ఇంతకంటే తక్కువే. అయినా అటువంటి పొర 20–30 కి.మీ. మందంగా పేరుకుంటే నడిమి రాయికి వేడి వదిలించుకునే దారి ఉండదు.

దీనికి రెండో లెక్క జోడించండి. రాయిలో వేడి ప్రయాణించే కాలం, దూరపు వర్గాన్ని ఉష్ణ వ్యాపన గుణకంతో భాగిస్తే వస్తుంది. వేడి ఎంత త్వరగా పాకుతుందో చెప్పే ఆ గుణకం రాళ్ళకు సెకనుకు ఒక చదరపు మిల్లీమీటరు. దూరం 30 కి.మీ. అనుకుంటే జవాబు సుమారు 2.8 కోట్ల ఏళ్ళు. ఢీకొన్నది 5 కోట్ల ఏళ్ళ కిందట, గంగోత్రి, మనాస్లు, మకాలు గ్రానైట్లు ఎక్కువగా 2.4–1.9 కోట్ల ఏళ్ళ కిందటివి. ఢీకొన్న వెంటనే గ్రానైట్ ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు ఈ ఆలస్యంలోనే ఉంది.

విద్యార్థులు తరచు మరిచే సంగతి ఒకటుంది. ఒక కిలో రాయి పూర్తిగా కరగడానికి సుమారు 300 కిలోజౌళ్ళ గుప్తోష్ణం కావాలి. అది అదే రాయిని 300 డిగ్రీలు వేడెక్కించే శక్తికి సమానం. అంటే 15 శాతం కరిగించడానికే 45 డిగ్రీలకు సరిపడే వేడి ఖర్చవుతుంది. అందుకే కరగడం మొదలయ్యాక ఉష్ణోగ్రత చాలాకాలం ఇంచుమించు అక్కడే నిలిచిపోతుంది.

ప్రశ్న: 30 కి.మీ. లోతున రాతి సందులన్నీ మూసుకుపోతాయి. కరగడానికి నీరు ఎక్కడినుంచి వస్తుంది? ఎంత రాయికి ఎంత ద్రవం? (ఎం.ఎస్సీ. విద్యార్థి, తిరుపతి)

సందుల్లో నీరు దాదాపు ఉండదు. నీరు అభ్రకం స్ఫటికంలోనే కట్టుబడి ఉంటుంది. తెల్ల అభ్రకం మస్కవైట్‌లో 4 శాతానికి పైగా, నల్ల అభ్రకం బయొటైట్‌లో 3.5–4 శాతం. వేడెక్కినప్పుడు ముందు విడిపోయేది మస్కవైట్ (కింద ప్లేజియోక్లేజ్ అంటే సోడియం, కాల్షియం ఉన్న ఫెల్డ్‌స్పార్, సిల్లిమనైట్ ఒక అల్యూమినియం ఖనిజం):

మస్కవైట్ + ప్లేజియోక్లేజ్ + క్వార్ట్జ్ → ద్రవం + పొటాషియం ఫెల్డ్‌స్పార్ + సిల్లిమనైట్

ఇది ఒత్తిడిని బట్టి 700 నుంచి 800 డిగ్రీల లోపు జరుగుతుంది. ఇంకా వేడెక్కి 760–850 డిగ్రీలకు చేరితే బయొటైట్ విడిపోతుంది. అప్పుడు ద్రవంతోబాటు గార్నెట్, లోతు తక్కువైతే కార్డియరైట్ పుడతాయి.

ఎంత ద్రవమన్నది నీటి జమాఖర్చు. రాయిలో 20 శాతం మస్కవైట్ ఉందనుకుందాం. నీరు 4.4 శాతం చొప్పున మొత్తం రాయిలో 0.88 శాతం. పుట్టే ద్రవంలో సుమారు 7 శాతం నీరు ఉంటుంది. 0.88ని 7తో భాగిస్తే 12.5 శాతం ద్రవం. మీ దగ్గరున్న షిస్ట్‌లో అభ్రకం ఎంతో పలుచటి ఛేదంలో (సూక్ష్మదర్శిని కింద చూడటానికి పలుచగా కోసిన రాతి ముక్కలో) లెక్కపెడితే ఇదే పద్ధతిలో అంచనా వేసుకోవచ్చు. లెక్క తప్పేది ప్లేజియోక్లేజ్ దగ్గర. అది 10 శాతానికి లోపే ఉంటే నీరున్నా సోడియం చాలక ద్రవం అంత రాదు. అతి శుద్ధమైన బంకమట్టి రాయి కంటే, కాస్త ఇసుక కలిసిన గ్రేవాక్ మంచి గ్రానైట్ ఇవ్వడానికి ఒక కారణం ఇదే.

బయటినుంచి నీరు చేరితే? 1970ల్లో భూగర్భ శాస్త్రవేత్త పాట్రిక్ ల ఫోర్ ఆ మాటే అన్నారు: మెయిన్ సెంట్రల్ థ్రస్ట్ అనే పెద్ద భ్రంశం కింద చిక్కిన చల్లని పొరలు వేడెక్కి వదిలిన నీరు పైనున్న వేడి నీస్‌ను కరిగించిందని. అందమైన ఊహ, కొన్నిచోట్ల జరిగింది కూడా. కానీ పెద్ద గ్రానైట్ ముద్దలకు అభ్రకం తనంత తాను విడిపోవడమే ప్రధాన కారణమని మేం నమ్ముతున్నాం. రుబీడియం, స్ట్రాన్షియం నిష్పత్తి దీనికి సాక్ష్యం. మస్కవైట్ విడిపోయి పుట్టిన ద్రవంలో రుబీడియం ఎక్కువ, స్ట్రాన్షియం, బేరియం తక్కువ, ఎందుకంటే పొటాషియం ఫెల్డ్‌స్పార్ వెనకనే మిగిలిపోయి బేరియాన్ని పట్టి ఉంచుతుంది. బయటి నీటితో కరిగితే ప్లేజియోక్లేజ్ ఎక్కువగా కరిగి స్ట్రాన్షియం పెరుగుతుంది. హిమాలయ గ్రానైట్లు ఎక్కువగా మొదటి కోవకే చెందుతాయి.

ప్రశ్న: కొండలు పైకి లేస్తే చల్లబడాలి. పైకి లేవడం వల్లే రాయి కరిగిందంటారు. ఎలా? (పాఠకుడు, రాజమహేంద్రవరం)

మస్కవైట్ విడిపోయే ఉష్ణోగ్రత ఒత్తిడి తగ్గితే తగ్గుతుంది. 10 కిలోబార్ల దగ్గర 800 డిగ్రీల చుట్టూ ఉంటే, 5 దగ్గర 700కు కాస్త పైన. 750 డిగ్రీల వేడిలో, కరగడానికి కొంచెం దూరంలో ఉన్న రాయి వేగంగా పైకి వస్తే, వేడి కోల్పోయే లోపే ఒత్తిడి తగ్గి కరిగిపోతుంది. పైనున్న రాతిపొర సౌత్ టిబెటన్ డిటాచ్‌మెంట్ అనే భ్రంశం మీదుగా ఉత్తరానికి జారిపోవడం ఈ పని చేసింది.

నీటితో పూర్తిగా నిండిన ద్రవం సంగతి దీనికి తలకిందులు. దాని గడ్డకట్టే ఉష్ణోగ్రత ఒత్తిడి తగ్గేకొద్దీ పెరుగుతుంది. పైకి బయలుదేరిన వెంటనే గడ్డకడుతుంది. బయటి నీటితో పుట్టిన ద్రవాలు పుట్టినచోటే సిరలుగా మిగిలిపోవడానికీ, 7 శాతం నీటితో పుట్టిన ద్రవం కిలోమీటర్ల ఎత్తు ఎక్కగలగడానికీ తేడా ఇక్కడే.

ప్రశ్న: పది శాతం ద్రవం గింజల మధ్య తడిలా ఉంటుంది కదా. అంత పెద్ద ముద్దగా ఎలా చేరింది? (పాఠకురాలు, విజయవాడ)

ద్రవం 7 శాతం దాటేసరికి గింజల అంచుల వెంట ఒకదానితో ఒకటి కలిసి జాలులా అల్లుకుంటుంది, రాయి బలం ఒక్కసారిగా పడిపోతుంది. కొండలు పుట్టేటప్పుడు రాయి నిరంతరం నలుగుతూ, సాగుతూ ఉంటుంది. ఆ నలుగుడు ద్రవాన్ని పిండి, ఒత్తిడి తక్కువున్న మడతల మెడల్లోకి, రాయి పక్కకు జారే కోత పట్టీల్లోకి తోస్తుంది. అక్కడి నుంచి చీలికల వెంట నిలువు పలకల్లాంటి డైక్‌లుగా పైకి. ద్రవం సాంద్రత సుమారు 2.3, చుట్టూ ఉన్న రాయిది 2.7–2.8 కాబట్టి తేలే బలం ఎటూ ఉంది. జిగట విషయంలో పాత పుస్తకాలు భయపెడతాయి. 7 శాతం నీరున్న ద్రవం జిగట 750 డిగ్రీల దగ్గర 10,000 నుంచి 1,00,000 పాస్కల్ సెకన్ల మధ్య ఉంటుంది, మీటరు వెడల్పు చీలికలో గడ్డకట్టకుండా ప్రవహించడానికి అది చాలు. బుడగలా మెల్లగా తేలి వచ్చిందన్న పాత బొమ్మ హిమాలయాలకు నప్పదు. పైకి వచ్చిన ద్రవం డిటాచ్‌మెంట్ భ్రంశం కింద ఆగి అడ్డంగా పరుచుకుంది, పొర మీద పొరగా.

ప్రశ్న: వచ్చే మేలో గోముఖ్, తపోవనం వెళ్తున్నాం. అక్కడ ఏం చూడాలి? (ట్రెక్కింగ్ బృందం, హైదరాబాద్)

ఇంతకంటే మంచి చోటు మన దేశంలో లేదు. గంగోత్రి జాతీయ పార్కుకు అనుమతి ముందే తీసుకోండి, రాళ్ళు ఏరవద్దు. 10 రెట్ల భూతద్దం ఒక్కటి చాలు. తపోవనం నుంచి ఎదురుగా 6,543 మీటర్ల శివలింగ శిఖరం నిలువెల్లా లేత గ్రానైటే. భగీరథి 3 పడమటి ముఖం మీద కింద లేత గ్రానైట్, పైన నల్లటి షేల్ కనిపిస్తాయి. ఆ నలుపు, తెలుపు కలిసే గీతే గ్రానైట్ పైకప్పు. హిమానీనదం తెచ్చి పోసిన రాళ్ళగుట్టలో, అంటే మొరైన్‌లో పడి ఉన్న బండల మీద భూతద్దం పెట్టండి. నల్లగా, పొడవుగా, నిలువు గాట్లతో, అడ్డంగా చూస్తే గుండ్రటి త్రిభుజంలా కనిపించేది టూర్మలిన్. వెండిలా మెరిసి పొరలుగా లేచేది మస్కవైట్. ఎర్రటి చిన్న గింజలు గార్నెట్. ఈ మూడూ కలిసి ఉన్నాయంటే అది అల్యూమినియం మిగులున్న ద్రవం, అంటే బంకమట్టి రాయి బిడ్డ. హార్న్‌బ్లెండ్ అనే నల్లటి ఖనిజం మాత్రం కనిపించదు.

ప్రశ్న: విశాఖ కొండల ఖోండలైట్‌లో తెల్లటి చారలుంటాయి. అవీ కరిగిన గుర్తులేనా? (పరిశోధక విద్యార్థి, విశాఖపట్నం)

చాలావరకు అవే. తూర్పు కనుమల ఖోండలైట్ కూడా ఒకప్పటి బంకమట్టే. సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందటి కొండల పుట్టుకలో అది హిమాలయాల కంటే ఎంతో ఎక్కువ వేడెక్కింది. పాడేరు దగ్గర సఫిరిన్ అనే ఖనిజం దొరికే రాళ్ళు 900 డిగ్రీలు దాటిన గుర్తు. అంత వేడిలో బయొటైట్ కూడా చాలావరకు విడిపోయింది. ఇప్పుడు మనకు కనిపించే గార్నెట్, సిల్లిమనైట్ అందులో మిగిలిన గసి. ద్రవం అక్కడే ఉండిపోయి ఉంటే చల్లబడేటప్పుడు గార్నెట్‌తో తిరిగి కలిసి మళ్ళీ అభ్రకంగా మారేది. గార్నెట్ ఇంత తాజాగా మిగిలిందంటేనే ద్రవంలో పెద్ద భాగం దాటిపోయిందని అర్థం. భీమిలి ఇసుకలో ఏరుకునే గార్నెట్, సిల్లిమనైట్ ఈ కొండలవే.

ఒక చార అక్కడే కరిగి ఏర్పడిందా, వేరేచోటి నుంచి చొరబడిందా తేల్చడానికి అంచు చూడండి. పక్కనే బయొటైట్, సిల్లిమనైట్‌లతో నల్లటి పట్టీ ఉంటే, చార మధ్యలో పెద్ద గార్నెట్లుంటే అక్కడే పుట్టింది. అంచు పదునుగా ఉండి, నల్ల పట్టీ లేకుండా రాతి పొరలను కోసుకుపోతే చొరబడింది. వాతావరణానికి మెత్తబడిన ఖోండలైట్‌లో ఫెల్డ్‌స్పార్ తెల్ల మట్టిగా మారి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి కొత్తగా తవ్విన క్వారీ ముఖాల మీదే చూడాలి.

పలుచటి ఛేదంలో గుండ్రబడిన క్వార్ట్జ్ గింజల మధ్య, మొనదేలిన ఫెల్డ్‌స్పార్ పొరలు వెతకండి. అది గట్టిపడిన ద్రవం ఆకారం. గార్నెట్ లోపల 10–15 మైక్రాన్ల మచ్చలు గుంపుగా ఉంటే వాటిని వదలొద్దు. అలాంటి మచ్చలు చిక్కుకున్న ద్రవపు చుక్కలేనని 2009లో కేరళ ఖోండలైట్ రాళ్ళలో చూపించారు. వాటిని తిరిగి కరిగించేటప్పుడు మామూలు గాలి ఒత్తిడిలో వేడి చేస్తే గార్నెట్ పగిలి నీరు పోతుంది, ఆ విశ్లేషణ పనికిరాదు. ఒత్తిడి ఉపకరణంలోనే చేయాలి.

ప్రశ్న: మరి హైదరాబాద్ బండలు? చీమకుర్తి గ్రానైట్? (పలువురు)

హైదరాబాద్ గ్రానైట్లు సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటివి. ఎక్కువగా అంతకు ముందే ఉన్న అగ్నిశిలలు కరిగి, ప్రావారం నుంచి వచ్చిన ద్రవం కూడా కలిసి ఏర్పడ్డాయి. అందుకే వాటిలో బయొటైట్, కొన్నిచోట్ల హార్న్‌బ్లెండ్ కనిపిస్తాయి, శివలింగ శిఖరంలోలా టూర్మలిన్, గార్నెట్ కాదు. చీమకుర్తి గెలాక్సీ రాయిని గ్రానైట్‌గా అమ్ముతారు గానీ అది గాబ్రో అనే నల్లటి అగ్నిశిల కుటుంబానిది. సిలికా 50 శాతం చుట్టూ ఉంటుంది. ప్రావారం నుంచి నేరుగా వచ్చిన ద్రవం, ఈ చర్చతో సంబంధం లేదు.

ప్రశ్న: హిమాలయ గ్రానైట్ నుంచి తీసిన జిర్కాన్లకు 50 కోట్ల ఏళ్ళు, 2 కోట్ల ఏళ్ళు రెండు రకాల వయసులూ వస్తున్నాయి. ఏది నమ్మాలి? (పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్)

రెండూ నిజమే. జిర్కాన్ అంటే యురేనియం పట్టి ఉంచే చిన్న ఖనిజం, అందులో చేరిన సీసంతో వయసు లెక్కిస్తారు. ద్రవం శిలాద్రవాలకు చల్లనిదే అయిన 700–750 డిగ్రీల దగ్గర పుట్టింది కాబట్టి పాత రాతిలోని జిర్కాన్లు పూర్తిగా కరగలేదు. వాటి మీద పలుచటి కొత్త అంచు పెరిగింది. పాత వయసు లోపలి గింజది, కొత్తది అంచుది. ముందుగా కేథోడోల్యూమినెసెన్స్ చిత్రం (ఎలక్ట్రాన్లు తాకి గింజ వెలిగేటప్పటి బొమ్మ) తీసి, అంచు మీద మాత్రమే విశ్లేషణ బిందువు పెట్టండి. బిందువు వెడల్పు అంచు కంటే ఎక్కువైతే రెండింటికీ మధ్య అర్థంలేని వయసు వస్తుంది. రాయి మొత్తంలోని జిర్కోనియంతో ఉష్ణోగ్రత లెక్కించేటప్పుడూ ఇదే ప్రమాదం: పాత గింజల జిర్కోనియం కూడా కలిసి లెక్క ఎక్కువ చూపుతుంది. ఈ గ్రానైట్లకు మోనజైట్ అనే ఖనిజం మేలు. కానీ అందులో థోరియం ఎక్కువ కనుక తొలినాటి థోరియం 230 మిగులు వల్ల యురేనియం 238–సీసం 206 వయసు అసలు కంటే ఎక్కువగా వస్తుంది. థోరియం 232–సీసం 208 వయసునే తీసుకోండి.

ప్రశ్న: ఇప్పుడు కూడా అక్కడ రాయి కరుగుతోందా? (పాఠకుడు, నిజామాబాద్)

కరుగుతోందనే ఆధారాలు బలంగా ఉన్నాయి. 1990ల్లో ఇండెప్త్ అనే భూగర్భ పరిశోధన ప్రాజెక్టు దక్షిణ టిబెట్‌లో కృత్రిమ ప్రకంపనలు పంపితే 15–18 కి.మీ. లోతు నుంచి అసాధారణంగా బలమైన ప్రతిధ్వనులు వచ్చాయి. ఆ లోతున విద్యుత్ వాహకత కూడా ఎక్కువ. ఉప్పునీరు చేరినా ఇలాంటి సంకేతాలే రావచ్చు గనుక అక్కడ ఎంత శాతం ద్రవం ఉందన్న దాని మీద వాదం నడుస్తోంది. పడమటి చివర నంగా పర్బత్ దగ్గర వాదానికే తావు లేదు. ఆ కొండ ఎంత వేగంగా లేస్తోందంటే, సుమారు 10 లక్షల ఏళ్ళ కిందట మాత్రమే గట్టిపడిన గ్రానైట్ సిరలు ఇప్పటికే నేల మీద చేత్తో తాకేలా బయటపడ్డాయి.